స్లీప్ అప్నియా ఉన్నవారి నిద్రలేమికి వేరుగా వైద్యం కావాలి

స్లీప్ అప్నియా, అంటే నిద్రలో శ్వాస పదేపదే ఆగిపోయే జబ్బు, అనగానే దిండు మీద తల ఆన్చీ ఆన్చకముందే గురక మొదలుపెట్టే మనిషి కళ్ల ముందు మెదులుతాడు. అలాంటివారికి నిద్ర పట్టకపోవడమేమిటని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు. నిజానికి అప్నియా ఉన్నవారిలో సుమారు 30 నుంచి 50 శాతం మంది, పడుకున్నా నిద్ర రావడం లేదనో, నడిరాత్రి మెలకువ వస్తే మళ్లీ కన్ను మూతపడడం లేదనో, తెల్లవారక ముందే నిద్ర విడిపోతోందనో చెబుతారు. ఈ రెండు బాధలూ ఒకే మనిషిలో కలిసి ఉండడాన్ని క్రిస్టియన్ గిల్లెమినో బృందం 1973లోనే పరిశోధన పత్రంలో వివరించింది. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఇప్పుడు పరిశోధకులు ఈ జంట రుగ్మతను ‘కొమీసా’ అనే పొట్టిపేరుతో వ్యవహరిస్తున్నారు.

నాకు ఈ రెండూ ఉన్నాయి. రాత్రిపూట సీప్యాప్ యంత్రం (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే పరికరం) వాడుతున్నాను, నిద్రలేమికి ప్రవర్తనా చికిత్స తీసుకున్నాను, క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. అయితే ఈ స్థితిలో ఉన్నవారికి ముందుగా తెలియవలసిన విషయం ఒకటుందని నా అనుభవం, నేను చదివినది రెండూ గట్టిగా చెబుతున్నాయి. యంత్రం శ్వాసను సరిచేస్తుంది, అంతవరకే దాని బాధ్యత. నిద్రలేమి అప్పటికే అలవాటుగా పాతుకుపోయి ఉంటే దానికి వేరుగా వైద్యం చేయాలి, ఆ వైద్యం ఉంది కూడా.

ఈ రెండింటినీ విడదీసి చూడడం అంత సులభం కాదు. అప్నియాలో నిద్రపోయేటప్పుడు గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోతుంది. గాలి కనీసం 10 సెకన్ల పాటు ఆగిపోవడమో బాగా తగ్గడమో జరిగితే దాన్ని ఒక ఘటనగా లెక్కిస్తారు. గంటకు ఇలాంటివి 5 దాటితే అప్నియా ఉన్నట్టు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అని వైద్యులు పరిగణిస్తారు. ప్రతి ఘటన చివర మెదడు ఒక్క క్షణం ఉలిక్కిపడి గొంతును తెరిపిస్తుంది, అందులో చాలావరకు మనకు గుర్తుండదు. మనిషికి తెల్లవార్లూ నిద్రపోయినట్టే ఉంటుంది కానీ పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడ కునికిపాట్లు పడతాడు. నిద్రలేమి అందుకు భిన్నమైనది. వారానికి కనీసం 3 రాత్రులు, కనీసం 3 నెలలుగా నిద్ర పట్టక, దానివల్ల పగటి జీవితం దెబ్బతింటుంటే దాన్ని దీర్ఘకాల నిద్రలేమి అంటారు. అలాంటివారు పగలు ఒళ్లు అలిసిపోయి, కళ్లు మండుతూ ఉన్నా, నడుం వాలిస్తే మాత్రం కునుకు రాదు. రెండూ ఉన్నవారి మాట వింటే ఒక్కోసారి మొదటి వర్ణన, ఒక్కోసారి రెండో వర్ణన వినిపిస్తుంది. గురక గురించి అడిగిన వైద్యుడు అప్నియాను మాత్రమే పట్టుకుంటాడు, దిగులు గురించి అడిగినవాడు నిద్రలేమిని మాత్రమే పట్టుకుంటాడు. గురక పెద్దగా లేకుండా, అలసట, నిద్ర పట్టకపోవడం మాత్రమే చెప్పుకునే స్త్రీలలో అప్నియా ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోవడం ఇందువల్లనే ఎక్కువ.

అప్నియా తగ్గితే నిద్రలేమి దానంతటదే పోదా అన్నది సహజమైన ప్రశ్న. కొందరికి పోతుంది. ఐస్‌లాండ్‌లో అప్నియా రోగులను 2 ఏళ్ల పాటు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, యంత్రం వాడినవారికి నడిరాత్రి మెలకువలు తగ్గాయి. ఇది అర్థమయ్యే విషయమే, ఎందుకంటే ఆ మెలకువలలో చాలావాటికి మూలం గొంతు మూసుకుపోవడం. కానీ పడుకోగానే నిద్ర పట్టనివారికీ, వేకువన ముందే లేచిపోయేవారికీ ఆ ఇబ్బంది చాలావరకు అలాగే మిగిలింది. పైగా అలాంటివారే యంత్రాన్ని తక్కువగా వాడారు.

దీనికి కారణాన్ని ఆర్థర్ స్పీల్‌మన్ అనే మనస్తత్వవేత్త 1980లలో బాగా వివరించాడు. ఆయన చెప్పిన ప్రకారం నిద్రలేమిలో మూడు రకాల కారణాలు కలిసి పనిచేస్తాయి: మనిషి తత్వంలో ముందునుంచే ఉన్నవి, ఒకానొక సమయంలో దాన్ని రాజేసినవి, ఆ తర్వాత దాన్ని కొనసాగిస్తున్నవి. అప్నియా మెలకువలు దాన్ని రాజేసి ఉండవచ్చు. కానీ నిద్ర చాలడం లేదని రాత్రి పెందలాడే పడక చేరడం, పొద్దెక్కేదాకా లేవకపోవడం, మధ్యాహ్నం మాగన్నుగా పడుకోవడం, పక్క మీదే గంటల తరబడి రేపటి గురించి ఆందోళన పడడం, గడియారం వైపు చూసి ఇంకా ఎంతసేపు మిగిలిందో లెక్కలు వేయడం, ఇవన్నీ తర్వాత మనం నేర్చుకున్నవి. గొంతు తెరుచుకున్నంత మాత్రాన ఈ అలవాట్లు పోవు. పరుపును చూడగానే ఒళ్లు అప్రమత్తం కావడం ఒకసారి అలవాటైతే, దాన్ని విడిపించడానికి మళ్లీ అలవాటే కావాలి.

ఇక యంత్రం సంగతి. కాలిన్ సల్లివన్ 1981లో ఆస్ట్రేలియాలో పరిచయం చేసిన సీప్యాప్ ఎన్నో ప్రాణాలకు ఊరటనిచ్చింది, దాని విలువను తక్కువ చేసే ఉద్దేశం నాకు ఏమాత్రం లేదు. కానీ పడుకోగానే నిద్రపోయే మనిషికీ, గంటన్నర మేలుకుని ఉండే మనిషికీ మాస్కు ఒకేలా అనుభవానికి రాదు. మొదటివాడు పట్టీ బిగించి, స్విచ్చి వేసి, మరుక్షణం లోకాన్ని మరిచిపోతాడు. రెండోవాడికి ముక్కు మీద సిలికాన్ అంచు ఒత్తిడి, చెంప మీద పట్టీ దురద, గొట్టం మెలిక తిరిగి లాగడం, అంచు పక్కనుంచి సన్నగా కంటిలోకి కొట్టే గాలి, వదిలే ఊపిరికి ఎదురొచ్చే గాలి, ఇవన్నీ ఒక్కొక్కటిగా తెలుస్తూనే ఉంటాయి. నిద్ర రాకపోవడానికి మాస్కే కారణమని ఆ చీకట్లో అతడికి తోచడంలో వింతేమీ లేదు, తీసి పక్కన పెట్టడంలోనూ లేదు. అలాంటి మనిషిని క్రమశిక్షణ లేనివాడని మందలించడం అన్యాయం. అతడికి చేయవలసిన వైద్యంలో సగం ఇంకా మొదలే కాలేదు.

ఆ మిగిలిన సగమే నేను మొదట చెప్పిన ప్రవర్తనా చికిత్స. నిద్ర గురించిన ఆలోచనలను, అలవాట్లను మార్చే ఈ వైద్యం పూర్తి పేరు నిద్రలేమికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా సీబీటీ-ఐ. దీర్ఘకాల నిద్రలేమి ఉన్న పెద్దలకు మాత్రల కంటే ముందు దీన్నే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది, ఐరోపా మార్గదర్శకాలు 2017లో అదే మాట చెప్పాయి. సాధారణంగా 4 నుంచి 8 విడతలలో పూర్తవుతుంది. ఇందులో మనసును ఊరడించే మాటల కంటే చేయవలసిన పనులే ఎక్కువ. కెఫీన్ తగ్గించుకోవడం, గది చీకటిగా ఉంచుకోవడం వంటి సలహాలు మంచివే అయినా, వాటితోనే ముదిరిన నిద్రలేమి పోదు. ఆ సలహాల కాగితం చేతిలో పెట్టి ప్రవర్తనా చికిత్స అయిపోయిందనడం సరికాదు.

అసలు పని రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది రిచర్డ్ బూట్‌జిన్ 1972లో ప్రతిపాదించిన పద్ధతి. నిద్ర ముంచుకొచ్చినప్పుడే పక్క ఎక్కాలి. పక్క మీద ఫోను, లెక్కలు, చర్చలు ఉండకూడదు. పడుకుని సుమారు 15, 20 నిమిషాలు గడిచినట్టు అనిపించినా నిద్ర రాకపోతే లేచి వేరే చోట కూర్చుని, మళ్లీ కళ్లు వాలినప్పుడే రావాలి. ఎన్నిసార్లు లేవవలసి వచ్చినా ఉదయం లేచే వేళ మాత్రం మారకూడదు. ఇక్కడ యంత్రం వాడేవారికి ఒక చిక్కు ఉంది. లేచిన ప్రతిసారీ మాస్కు తీయాలి, పక్క ఎక్కిన ప్రతిసారీ మళ్లీ పెట్టుకోవాలి, ఆ పెట్టుకోవడంలోనే వచ్చిన కునుకు చెదిరిపోతుందేమోనని భయం. మాస్కును ముఖానే ఉంచుకుని గొట్టాన్ని మాత్రం విడదీసే ఏర్పాటు చాలా మాస్కులకు ఉంటుంది. దాన్ని చీకట్లో తడుముకుంటూనే విప్పి, మళ్లీ తగిలించగలిగేలా పగటిపూట వేళ్లకు అలవాటు చేయాలి. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది, కానీ నా విషయంలో రాత్రంతా ఆ చిన్న సంగతి మీదే నడిచింది.

రెండోది పక్క మీద గడిపే సమయాన్ని కుదించడం. ఇందుకు ముందుగా ఒకటి రెండు వారాల పాటు నిద్ర డైరీ రాయాలి. ఎప్పుడు పడుకున్నాం, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, ఎన్నిసార్లు లేచాం, ఎప్పుడు పక్క దిగాం అన్నవి ఉదయం లేచాక అంచనాగా రాయాలి, రాత్రి గడియారం చూస్తూ కాదు. ఉదాహరణకు రాత్రి 10 గంటలకు పడుకుని ఉదయం 7 గంటలకు లేచే మనిషి ఆ 9 గంటలలో నిజంగా నిద్రపోయేది 5.5 గంటలైతే, పక్క మీద గడిపిన సమయంలో నిద్ర 61 శాతమే. అతడికి చికిత్సకుడు 12.30 నుంచి 6 గంటల వరకు మాత్రమే పక్క మీద ఉండమని చెప్పవచ్చు. కొన్ని రోజులలో నిద్ర ఆకలి పెరిగి, చెల్లాచెదురైన నిద్ర ఒక చోటికి చేరుతుంది. వారం సగటు 85 శాతం దాటితే 15 నిమిషాలు కలుపుతారు, తర్వాతి వారం మళ్లీ చూస్తారు. సాధారణంగా 5 గంటల కంటే తక్కువకు కుదించరు.

అప్నియా ఉన్నవారి విషయంలో ఇక్కడే ఎక్కువ జాగ్రత్త అవసరం. మొదటి వారాలలో పగటి మత్తు కొంత పెరుగుతుంది. అప్పటికే అప్నియా వల్ల కునికిపాట్లు పడుతున్న మనిషి వాహనం నడిపేవాడో, ప్రమాదకరమైన యంత్రాల దగ్గర పనిచేసేవాడో అయితే ఈ పద్ధతిని తనంతట తాను మొదలుపెట్టకూడదు. మూర్ఛ, బైపోలార్ డిజార్డర్ ఉన్నవారికి నిద్ర తగ్గడమే హాని చేయగలదు. తీవ్రమైన పగటి మత్తు ఉన్నవారికి ముందు శ్వాసను సరిచేసి, ఆ తర్వాత మెల్లగా కుదించాలి. ఇతరుల కంటే ఎక్కువ సమయంతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా తగ్గించే పద్ధతి కూడా ఉంది. ఈ ఎంపిక చికిత్సకుడికే వదలాలని నా అభిప్రాయం.

ఈ చికిత్స అప్నియా ఉన్నవారికి పనిచేస్తుందా అన్న సందేహం ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు దానికి ఆధారాలతో జవాబు ఉంది. ఆస్ట్రేలియాలో అలెగ్జాండర్ స్వీట్‌మన్ బృందం 145 మందితో చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, సీప్యాప్ కంటే ముందు సీబీటీ-ఐ తీసుకున్నవారు రాత్రికి సగటున సుమారు గంట సేపు ఎక్కువగా యంత్రాన్ని వాడారు, నిద్రలేమి కూడా ఎక్కువగా తగ్గింది. 2020లో అమెరికాలో జేసన్ ఆంగ్ బృందం ప్రచురించిన మరో పరిశోధనలో నిద్రలేమి స్పష్టంగా తగ్గింది గానీ యంత్రం వాడకం మాత్రం పెరగలేదు. ఈ తేడాను దాచి, చికిత్స తీసుకుంటే మాస్కు కష్టాలన్నీ పోతాయని చెప్పడం నిజాయితీ కాదు. రెండు చోట్లా తేలిందేమిటంటే, అప్నియా ఉన్నా నిద్రలేమి ఈ చికిత్సకు లొంగుతుంది. ఆస్ట్రేలియా బృందమే చూపిన మరో సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. యంత్రం ఇంకా మొదలుపెట్టక ముందే, కేవలం ప్రవర్తనా చికిత్సతో శ్వాస ఆగే ఘటనలు కొంత తగ్గాయి. నిద్రకూ మెలకువకూ మధ్య ఊగిసలాడే వేళల్లో శ్వాస అస్థిరంగా ఉంటుంది. కలతనిద్ర తగ్గి నిద్ర గాఢమైతే ఆ ఊగిసలాట తగ్గుతుంది. నిద్రలేమి అప్నియా వల్ల వచ్చే పర్యవసానం మాత్రమే కాదని, అది కూడా అప్నియాను ఎంతో కొంత పెంచుతుందని దీనిని బట్టి భావించవచ్చు.

మాస్కు మీద బెరుకు ఉన్నవారికి చేసే సాధన కూడా ప్రవర్తనా చికిత్సలో భాగమే. పగటిపూట, నిద్రతో సంబంధం లేని వేళలో, కుర్చీలో కూర్చుని మాస్కును ముందు చేత్తో ముఖానికి ఆన్చుకోవాలి. అది ఇబ్బంది కాకపోతే పట్టీలు పెట్టాలి, ఆ తర్వాత యంత్రం నుంచి గాలి వదలాలి, ఆ తర్వాత ఏదైనా చదువుతూనో వింటూనో అలాగే ఉండాలి, చివరికి పడుకుని ప్రయత్నించాలి. ఆందోళన పెరిగితే తీసేసి పారిపోకుండా, ముందు మెట్టుకు తిరిగి వెళ్లి అక్కడ కుదురుకోవాలి. రాత్రి చీకట్లో ఓడిపోతున్నవాళ్లకు ఈ పగటి సాధన గురించి ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

వ్యాయామం విషయంలో అందరూ బరువు దగ్గరే ఆగిపోతారు. బరువు తగ్గితే అప్నియా తగ్గుతుందన్నది నిజమే. కానీ బరువు తగ్గకపోయినా వ్యాయామం పనిచేస్తుంది. క్రిస్టఫర్ క్లైన్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, అధిక బరువుతో, మధ్యస్థ లేక అంతకు మించిన అప్నియాతో ఉన్న 43 మందిలో కొందరు 12 వారాల పాటు వారానికి 150 నిమిషాల మితమైన ఏరోబిక్ వ్యాయామం, దానితోపాటు వారానికి రెండుసార్లు కండరాల బలానికి సంబంధించిన వ్యాయామం చేశారు. మిగిలినవారు శరీరాన్ని సాగదీసే కసరత్తులు చేశారు. వ్యాయామం చేసినవారిలో గంటకు శ్వాస ఆగే ఘటనలు సగటున 32.2 నుంచి 24.6కు తగ్గాయి, బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. నిద్ర నాణ్యత కూడా మెరుగైంది. ఈ అంకెలను ఆశతోనూ, జాగ్రత్తతోనూ చదవాలి. తగ్గుదల నిజమైనది, అయినా 24.6 అంటే ఇంకా చికిత్స కావలసిన అప్నియాయే.

బరువు తగ్గకుండా ఇది ఎలా సాధ్యమైందన్నదానికి పరిశోధకులు చెప్పే వివరణలలో ఒకటి కాళ్లకు సంబంధించినది. రోజంతా కూర్చుని ఉండేవారికి కాళ్లలో ద్రవం చేరుతుంది. సాయంత్రం సాక్సు విప్పినప్పుడు చీలమండ పైన లోతుగా పడిన గీత దానికి గుర్తు. రాత్రి వెల్లకిలా పడుకోగానే ఆ ద్రవంలో కొంత పైకి, మెడ దాకా చేరి, గొంతు చుట్టూ ఉన్న కణజాలాన్ని ఉబ్బించి, శ్వాసమార్గాన్ని ఇరుకు చేస్తుంది. నడిచినప్పుడు పిక్క కండరాలు ఆ ద్రవాన్ని పగలే పైకి నెట్టి రక్తప్రవాహంలో కలిపేస్తాయి. అందుకే రోజుకొకసారి గట్టిగా నడిచి, మిగతా రోజంతా కదలకుండా కూర్చోవడం కంటే, మధ్యమధ్య లేచి తిరగడం కూడా కలిపితే మంచిదని నాకు అనిపిస్తుంది. నేను అలాగే చేస్తున్నాను.

నిద్రలేమి వైపు నుంచి చూస్తే వ్యాయామం ఫలితం ఆలస్యంగా కనిపిస్తుంది, ఇది ముందే తెలియకపోతే నిరాశ తప్పదు. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో నిద్రలేమి ఉన్న పెద్ద వయసు స్త్రీలను 16 వారాల పాటు చూసిన ఒక చిన్న అధ్యయనం 2013లో వచ్చింది. ఒక రోజు వ్యాయామం ఆ రాత్రి నిద్రను మెరుగుపరచినట్టు కనిపించలేదు. కానీ నిద్ర సరిగా లేని రాత్రి తర్వాత మరునాడు వ్యాయామ సమయం తగ్గింది. నెలల తరబడి కొనసాగించాకే నిద్ర మెరుగైంది. ఈరోజు నడిచాను, అయినా రాత్రి నిద్ర పట్టలేదని మానేసేవారు ఫలితం రాకముందే మానేస్తున్నారు. రాత్రి చెడిన మరుసటి రోజు తక్కువసేపైనా సరే, వేగం తగ్గించైనా సరే నడవాలన్నది నేను పెట్టుకున్న నియమం. సాయంత్రం వ్యాయామం చేస్తే నిద్ర చెడుతుందన్న భయం చాలావరకు అనవసరం. పడుకునే ముందు చివరి గంటలో మాత్రం ఒగర్పు తెప్పించే వ్యాయామం వద్దు. అప్నియాతోపాటు రక్తపోటు, గుండె జబ్బులు ఉండడం మామూలే కాబట్టి, కఠినమైన వ్యాయామం మొదలుపెట్టేముందు వైద్యుణ్ణి అడగాలి.

నోటికి, నాలుకకు, గొంతుకు చేసే కసరత్తులు ఇంకో రకం. నాలుక మొత్తాన్ని అంగిలికి అంటించి పీల్చినట్టు పట్టి ఉంచడం, నాలుక కొనను అంగిలి మీద ముందు నుంచి వెనక్కి జరపడం, కొండనాలుక పైకి లేచేలా అచ్చులు పలకడం వంటివి ఇందులో ఉంటాయి. బ్రెజిల్‌లో 2009లో వెలువడిన పరిశోధనలో మధ్యస్థ అప్నియా ఉన్నవారు 3 నెలలు చేశాక ఘటనలు సుమారు 39 శాతం తగ్గాయి. తీవ్రమైన అప్నియాకు ఇది చాలదు. నేర్పేవారు దగ్గర లేకుండా సరిగ్గా చేయడం కూడా కష్టమే.

ఇవన్నీ ఒకేసారి నెత్తిన పెట్టుకోవాలని నేను చెప్పడం లేదు. సమయాన్ని కుదించే తొలి వారాలలో మనిషి అలిసిపోయి ఉంటాడు, అప్పుడు కఠిన వ్యాయామం మొదలుపెట్టడం మంచిది కాదు. అయితే ఉదయం లేచే వేళ స్థిరంగా ఉండాలన్న నియమానికి ఉదయపు నడక బాగా కలిసొస్తుంది, ఎందుకంటే వేకువ వెలుగు శరీరంలోని కాలచక్రాన్ని కూడా సరిచేస్తుంది. సాయంత్రం కునికిపాట్లు వచ్చే వేళలో మెల్లగా నాలుగు అడుగులు వేస్తే, అనుకున్న సమయానికి ముందే నిద్రలోకి జారకుండా ఆపుకోవచ్చు. నిద్రమాత్రల విషయంలో మాత్రం ఎవరి సలహా మీదో దుకాణంలో కొనుక్కోవద్దని వేడుకుంటున్నాను. మత్తు కలిగించే కొన్ని మందులు, మద్యం గొంతు కండరాలను మరింత సడలించి, శ్వాస ఆగినప్పుడు మేల్కొనే స్పందనను మందగింపజేస్తాయి. ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపకుండా, తమకు అప్నియా ఉన్న విషయం ఆ మందు రాసిన వైద్యుడికి తెలియజేసి, ఆయన చెప్పిన ప్రకారం నడుచుకోవాలి.

నిద్ర బాగుపడి, పగలు హుషారు వచ్చాక యంత్రం ఇక అవసరం లేదనిపించే రోజు వస్తుంది. ఆ అనిపించడాన్ని బట్టి యంత్రం మూలన పెట్టకూడదు, ఎందుకంటే శ్వాస ఆగుతోందో లేదో నిద్రలో ఉన్న మనిషికి తెలియదు. నెలల తరబడి వ్యాయామం చేసినవారు, బరువు తగ్గినవారు మళ్లీ స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాసను నమోదు చేసే పరీక్ష) చేయించమని వైద్యుణ్ణి అడగాలి. గాలి ఒత్తిడి తగ్గించాలా, వేరే పద్ధతికి మారవచ్చా, ఇలాగే కొనసాగించాలా అన్నది ఆ నివేదికలో వచ్చే గంటకు ఎన్ని ఘటనలన్న అంకెను చూశాకే నిర్ణయించుకోవాలి. ఆ పరీక్షకు వెళ్లేటప్పుడు నిద్ర డైరీ కూడా తీసుకెళ్తే, శ్వాస ఎలా ఉందో పరికరం చెబుతుంది, నిద్ర ఎలా ఉందో డైరీ చెబుతుంది, వైద్యుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలుగుతాడు.